మిసిసిపీ పిల్లల కథకు ఏడ్చిన తరగతి, మధ్యాహ్నం బువ్వకు విడివిడిగా కూర్చుంది

ప్రశ్న

మేడమ్ గారికి నమస్కారం. ఆదోని దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లిష్ చెబుతాను. ఏడో తరగతి పిల్లలకు లైబ్రరీ పీరియడ్‌లో అమెరికాలో మిసిసిపీ రాష్ట్రపు నల్లజాతి పిల్లల నవల ఒకటి, మిల్డ్రెడ్ టేలర్ రాసిన 'రోల్ ఆఫ్ థండర్, హియర్ మై క్రై', కొంచెం కొంచెంగా తెలుగులో చెబుతున్నాను. తెల్లపిల్లల స్కూల్ బస్సు, నడిచిపోయే నల్లపిల్లల మీద బురద చిమ్ముకుంటూ పోయే చోట చాలామంది కళ్లనీళ్లు పెట్టుకున్నారు. 'పాపం మేడమ్, అమెరికావోళ్లు ఎంత చెడ్డోళ్లో' అన్నారు. నాకు తృప్తిగా అనిపించింది. గంట తర్వాత మధ్యాహ్న భోజనానికి వరండాలో ఎప్పటిలాగే ఎవరి గుంపు వాళ్లదిగా కూర్చున్నారు. ఎస్సీ కాలనీ పిల్లలు ఒక చివర. ఏడ్చినవాళ్లలో ఒకడు నల్లగా ఉండే పిల్లవాణ్ని 'ఏయ్ కర్రోడా, జరుగు' అన్నాడు. ఇంకొకటి ఇంటికి పోయాక గుర్తొచ్చింది. కథ చెబుతున్నంతసేపూ కాలనీ పిల్లలు ఇద్దరు తల ఎత్తలేదు.

కథ ఆపేయనా? కులం మాట ఎత్తితే గొడవలవుతాయని తోటి టీచర్లు అంటున్నారు. క్లాసును రెండు భాగాలు చేసి ఒకరోజంతా ఒక సగాన్ని తక్కువగా చూసే ఆట ఆడిస్తే వివక్ష అంటే ఏమిటో పిల్లలకు తెలుస్తుందని ఎక్కడో చదివాను. ఆడించమంటారా? ఇంకా ఏ పుస్తకాలు చెప్పొచ్చు?

— ఒక ఉపాధ్యాయురాలు, కర్నూలు జిల్లా

జవాబు

అమ్మా,

కథ ఆపొద్దు. ఆట ఆడించొద్దు. కులం మాట తప్పకుండా ఎత్తాలి, ఎట్లా ఎత్తాలన్నదే ఆలోచించుకోవాలి. ఇవి ముందే చెప్పేశాను కాబట్టి మిగతాది నింపాదిగా మాట్లాడుకుందాం.

మీ ఉత్తరం చదివినప్పటి నుంచి నా మనసు ఆ తల ఎత్తని ఇద్దరి దగ్గరే ఉంది. మిగతా పిల్లలు ఒక కథ విన్నారు. వాళ్లిద్దరూ తమ ఇంటి సంగతి వేరే ఊరి పేరుతో విన్నారు. మన వైపు బళ్లలో పాఠం చెప్పిన ఎవరికైనా ఆ తల దించుకోవడం తెలిసే ఉంటుంది. సోషల్‌లో అంటరానితనం పాఠం వచ్చిన రోజు క్లాసులో కొన్ని కళ్లు పక్కకు తిరిగి కొందరి మీద ఆగుతాయి. అవి ఎప్పుడు తిరుగుతాయోనని ఆ కొందరు ముందే పుస్తకంలోకి ముఖం పెట్టేస్తారు. పుస్తకం కొందరు పిల్లలకు అద్దం, కొందరికి కిటికీ అని రుడీన్ సిమ్స్ బిషప్ అనే అమెరికా ఆచార్యురాలు 1990లో రాశారు. మీ గదిలో ఆ రోజు ఒకే కథ చాలామందికి కిటికీ అయింది, ఇద్దరికి అద్దం అయింది. నలుగురి ముందు అద్దంలో చూసుకోవాల్సి రావడం ఏ పిల్లకైనా కష్టమే. అందుకే మీరు ఇక మీద ఏ పుస్తకం తెచ్చినా, ఏ పని చేయించినా, ముందుగా ఒకటి అడుక్కోండి: దీనివల్ల ఆ ఇద్దరి మీదికి ఎన్ని కళ్లు తిరుగుతాయి?

ఏడ్చిన పిల్లల్ని తప్పుపట్టకండి. పన్నెండేళ్లవాళ్లు ఇంకొకరి బాధకు ఏడవడం మంచి గుణమే. చిక్కేమిటంటే 'పాపం' అనగానే వాళ్లకు కథ అయిపోతుంది. పాపం అన్నవాడు బస్సులోనూ లేడు, బురదలోనూ లేడు. గట్టున నిలబడి చూస్తున్నాడు. అమెరికా దూరం కాబట్టి అట్లా నిలబడటం సులువు. అయితే ఆ దూరమే మీకు పనికొస్తుంది కూడా. తన వీధి గురించి ఆలోచించమంటే ఏడో తరగతి పిల్లవాడికి నాన్న గుర్తొస్తాడు, పెదనాన్న గుర్తొస్తాడు, నోరు పెగలదు. మిసిసిపీ గురించైతే ధైర్యంగా ఆలోచిస్తాడు. ఆ ధైర్యం ఉన్న చోటనే 'ఆ పిల్లకు ఎట్లా అనిపించింది?' అని అడగడం తగ్గించి, 'ఈ పద్ధతి ఎవరు పెట్టారు? ఎవరు రాసిపెట్టుకున్నారు? దీనివల్ల ఎవరికి ఏం మిగిలింది?' అని అడగండి. బాధ గురించి అడిగితే పిల్లలు బాధపడినవాళ్ల వైపు చూస్తారు. పద్ధతి గురించి అడిగితే పద్ధతి పెట్టినవాళ్ల వైపు చూస్తారు. ఆ చూపు ఒకసారి అలవాటైతే దాన్ని మన ఊరి బావి మీదికి, బడి వరండా మీదికి, హోటల్లో గ్లాసుల మీదికి తిప్పుకోవచ్చు. ఏ ఒక్క పిల్ల మీదికీ తిప్పనక్కర్లేదు. నేను చెప్పదలుచుకున్న అసలు మాట ఇదే.

మీ చేతిలో ఉన్న నవలలోనే దీనికి సరిపోయే ఘట్టం ఉంది. బస్సు దగ్గర కన్నా అక్కడ ఎక్కువసేపు ఆగండి. 1933 నాటి మిసిసిపీ. ఈ ఏడు మనకు పాఠ్యపుస్తకాలు వచ్చాయని నల్లపిల్లల బడిలో టీచరు గొప్పగా చెబుతుంది. ఆరేళ్ల లిటిల్ మ్యాన్‌కు శుభ్రమంటే ప్రాణం. వాడి చేతికి మాసి, చిరిగిన పుస్తకం వస్తుంది. లోపలి అట్ట మీద ఒక పట్టిక ఉంటుంది: ఏ ఏడు ఇచ్చారు, పుస్తకం ఏ స్థితిలో ఉంది, తీసుకున్న విద్యార్థిది ఏ జాతి. కొత్తగా ఉన్ననాటి నుంచి ఏటేటా తెల్లపిల్లలకే. బాగా పాడైపోయిందని రాసిన చివరి వరసకు వచ్చేసరికి, జాతి గడిలో నల్లవాళ్లను కించపరిచే మాట. లిటిల్ మ్యాన్ ఆ పుస్తకాన్ని నేలకేసి కొట్టి తొక్కుతాడు. దెబ్బలు తింటాడు. వాడి తరఫున మాట్లాడిన అక్క క్యాసీ కూడా తింటుంది. వాళ్లమ్మ మేరీ అదే బడిలో టీచరు, మీలాగే ఏడో తరగతికి చెబుతుంది. ఆమె ఏం చేస్తుందంటే, ఆ పట్టిక కనబడకుండా దాని మీద కాగితం కత్తిరించి అతికిస్తుంది.

దీని మీద రెండు పీరియడ్లు పోయినా నష్టం లేదు. బోర్డు మీద ఆ పట్టిక గీయండి. తిట్టుమాట రాయకుండా 'నల్ల' అని రాయండి. పుస్తకాల లెక్కకు జాతి గడి ఎందుకు కావాల్సి వచ్చింది? ఆ గడితో కాగితం ఎవరో కూర్చుని అచ్చు వేయించారు కదా, వాళ్లు దేని గురించి జాగ్రత్తపడ్డారు? ఏటా నింపిన గుమస్తా సంగతేమిటి, 'నాకేం సంబంధం, నా పని నేను చేశాను' అనొచ్చా? మేరీ కాగితం అతికించినా పుస్తకాలు అవే కదా, మరి ఏం మారినట్టు? చివరి ప్రశ్నకు పిల్లలు రెండు జట్లుగా విడిపోతారు. ఏం మారలేదని కొందరు, ప్రతి రోజూ ఆ మాట చూడనక్కర్లేకుండా చేసింది కదా అని కొందరు. మీరు తీర్పు చెప్పకండి. నేను ఈ ఘట్టం చెప్పిన క్లాసుల్లో ఇక్కడికి వచ్చాక 'పాపం' అన్న మాట వినబడలేదు. వాళ్లకు ఏడవడానికి తీరిక ఉండేది కాదు, వాదించుకునేవాళ్లు.

ఇక్కడే ఎవరో ఒకరు లేచి అడుగుతారు: 'మేడమ్, మన అడ్మిషన్ రిజిస్టర్లో కూడా కులం కాలమ్ ఉంది గదా?' అడగకపోతే మీరే కదపండి, ఎందుకంటే ఆ అనుమానం పిల్లల మనసులో ఉండే ఉంటుంది. ఉంది అని చెప్పండి. దేనికో కూడా చెప్పండి. మిసిసిపీ పట్టికలో గడి ఎవరికి ఆఖర్న ఇవ్వాలో తేల్చడానికి పెట్టింది. మన రిజిస్టర్లో గడి, తరతరాలుగా ఆఖర్న నిలబెట్టినవాళ్లకు స్కాలర్‌షిప్పు, హాస్టలు, సీటు అందడానికి పెట్టింది. చూడటానికి ఒకటే, చేసే పనులు వేరు. ఏడో తరగతి పిల్లలకు ఇది అర్థం కాదనుకోకండి. రిజర్వేషన్ల గురించి ఇంట్లో విన్న మాటలు ఈ చోట బయటికి వస్తాయి, 'వాళ్లకు ఊరికే ఇస్తారు' అన్న మాటతో సహా. అప్పుడు కోప్పడకుండా మళ్లీ పట్టిక దగ్గరికే తీసుకురండి: పదేళ్లకు పైగా కొత్త పుస్తకాలు ఎవరికి ఊరికే వచ్చాయి?

అయితే ఆ గడిని పెద్దవాళ్లం మనం ఎట్లా వాడుతున్నామో కూడా చూసుకోవాలి. 'ఎస్సీ పిల్లలు లేసి నిలబడండి, స్కాలర్‌షిప్ ఫారాలు' అని అందరి ముందూ పిలిచే అలవాటు మన బళ్లలో ఇంకా పోలేదు. ఆ క్షణాన అది మళ్లీ మిసిసిపీ గడి అయిపోతుంది. ఫారాలు స్టాఫ్‌రూమ్‌లో ఒక్కొక్కరికి ఇస్తే మనకు ఇంకొంచెం సమయం పడుతుంది, అంతకన్నా ఏమీ కాదు.

మాట అక్కడిదాకా వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. మీ బడిలో గది ఊడ్చేది ఎవరు? బిందెతో నీళ్లు తెచ్చేది ఎవరు? హెడ్మాస్టర్ టీ గ్లాసు కడగమని ఎవర్ని పంపుతారు, టీ తెమ్మని ఎవర్ని పంపుతారు? హిందీ దళిత రచయిత ఓంప్రకాశ్ వాల్మీకి తన ఆత్మకథ 'జూఠన్'లో హెడ్మాస్టర్ తనను పాఠం విననివ్వకుండా బడి అంతా, మైదానమంతా ఊడిపించడం రాశారు. 2007 నాటి ఎన్‌సీఈఆర్‌టీ ఏడో తరగతి పుస్తకంలో అది ఒక పాఠంలో భాగంగా కూడా వచ్చింది. అట్లాంటి పాఠం చదివించి, గంట కొట్టగానే అదే పిల్లకు చీపురు ఇచ్చే బడి ఉంటే ఆ పిల్ల ఏం నేర్చుకున్నట్టు? కాబట్టి నవల తర్వాతి అధ్యాయం తెరిచే ముందు ఊడ్చే వంతు, నీళ్ల వంతు రోల్ నంబర్ల వరసన మార్చేయండి. ఎందుకో ఉపన్యాసం చెప్పనక్కర్లేదు. పిల్లలు గమనిస్తారు.

వరండాలో భోజనాల సంగతీ అంతే. 'అందరూ కలిసి కూర్చోండి' అని ఒకరోజు అరిచి చెబితే ఆ రోజుకు కూర్చుంటారు. మీరు మీ పళ్లెం పట్టుకుని పోయి ఆ చివర కూర్చుని తినండి. మర్నాడు ఇంకో గుంపు దగ్గర, ఆ మర్నాడు ఇంకో చోట. మీది ఏ కులమో నాకు తెలియదు, పిల్లలకు మాత్రం తప్పకుండా తెలుసు. టీచరు ఎవరి పక్కన కూర్చుని అదే అన్నం, అదే పప్పు తింటుందో చూసి వాళ్లు నేర్చుకునేది ఏ నవలా నేర్పదు. కొన్నాళ్లకు రోల్ నంబర్ల వరసలు పెట్టినా అప్పుడు కొత్తగా అనిపించదు.

ఇప్పుడు ఆ ఆట. అది ఎక్కడిదో చెబుతాను. 1968 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన మర్నాడు, అమెరికాలో అయోవా రాష్ట్రంలోని రైస్‌విల్ అనే చిన్న ఊళ్లో జేన్ ఎలియట్ అనే టీచరు మూడో తరగతి పిల్లల్ని కళ్ల రంగును బట్టి రెండుగా విడదీసి, ఒక రోజు నీలికళ్లవాళ్లను, ఇంకో రోజు గోధుమకళ్లవాళ్లను పెద్దగా చూసింది. ఆమె క్లాసులో అందరూ తెల్లపిల్లలే. వివక్ష రుచి ఎరగనివాళ్లకు ఆమె ఒక రోజు దాన్ని చూపించాలనుకుంది. అది సరైనదేనా అని అక్కడే ఇప్పటికీ వాదించుకుంటున్నారు. మీ క్లాసు అట్లాంటిది కాదు. మీ దగ్గర కొందరికి ఆ అనుభవం రోజూ ఉంది. వాళ్లకు అది ఆటగా చూపిస్తే వాళ్ల బతుకును నాటకం వేసినట్టు అవుతుంది. మిగతావాళ్లు సాయంత్రానికి ఆట ముగించుకుని, 'మాకూ తెలిసింది' అనుకుని ఇంటికి పోతారు. 'మీరు ఎదుర్కొన్న వివక్ష గురించి రాయండి' అని వ్యాసం రాయించి క్లాసులో చదివించడం కూడా నాకు ఇలాంటిదే. రాయించాలనుకుంటే నవల గురించి రాయించండి. ఎవరైనా తమంతట తాము సొంత సంగతి రాస్తే అది మీకూ ఆ పిల్లకూ మధ్యనే ఉండాలి. అందులో మీరు సరిచేయగలిగింది ఉంటే, వేరే గ్లాసు, వెనక బెంచీ లాంటిది, పిల్ల పేరు ఎత్తకుండా సరిచేయండి.

'కర్రోడా' గురించి. దాన్ని చిన్న విషయమని వదలకండి. నవల ఇంగ్లిష్‌లో చదివించేటప్పుడు అందులో వచ్చే తిట్టుమాటను మీరూ పైకి చదవకండి, పిల్లలచేతా చదివించకండి. 'ఇది మనుషుల్ని తొక్కడానికి వాడిన మాట, మన నోట పలకం' అని చెప్పి దాటండి. ఆ నియమం పెట్టిన రోజే, మన గదిలో ఒంటి రంగుతో, కులం పేరుతో, 'నేపాలీ', 'సుగాలోడా' అని ఎవర్నీ పిలవకూడదని అదే నియమం కిందికి తెండి. టీచర్లకు కూడా వర్తిస్తుందని చెప్పండి. ఎస్సీ, ఎస్టీలను కులం పేరుతో నలుగురిలో దూషించడం 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరమని పిల్లలకు తెలియడం మంచిదే, బెదిరింపుగా కాకుండా సమాచారంగా.

రంగు దగ్గర ఒక జాగ్రత్త ఉంది. నల్లజాతి కథ విన్న పిల్లలు 'తక్కువ కులమోళ్లు నల్లగా ఉంటారు గదా, అందుకే' అని వాళ్లకు వాళ్లే లెక్క కట్టేస్తారు. దీన్ని అప్పటికప్పుడే విడదీయాలి. మన ఊళ్లలో ప్రతి కులంలోనూ ప్రతి రంగూ ఉంది, మీ క్లాసే సాక్ష్యం. జాతి వివక్షకు రంగు గుర్తుగా పనికొచ్చింది. కులానికి గుర్తు కంటికి కనబడదు కాబట్టే ఇక్కడ ఇంటిపేరు, వీధి, 'మీరేమిటోళ్లు?' అన్న ప్రశ్న కావాల్సి వచ్చాయి. సైన్సు టీచరు సాయం తీసుకోండి: చర్మంలో మెలనిన్ ఎందుకు, ఎండ ఎక్కువున్న ప్రాంతాల మనుషులకు తరతరాలుగా అది ఎట్లా రక్షణ అయింది, ప్రపంచంలో ఏ ఇద్దరు మనుషుల డీఎన్‌ఏ తీసుకున్నా 99.9 శాతం దాకా ఒకటేనని. మన అనంతపురం, కర్నూలు ఎండల్లో పెరిగే పిల్లలకు ఈ పాఠం బాగా ఎక్కుతుంది.

ఇంకో సంగతి, దీన్ని మనవాళ్లు అంతగా పట్టించుకోరు. అమెరికాలో అక్కో, చిన్నాన్నో ఉన్న ఇళ్లు ఇప్పుడు పల్లెల్లోనూ ఉన్నాయి. వీడియో కాల్‌లో 'ఇది నల్లోళ్లుండే ఏరియా, సాయంత్రమైతే బయటికి పోము' అన్న మాట పిల్లల చెవిన పడుతుంది. నవలలో క్యాసీ కోసం ఏడ్చిన పిల్ల ఆ మాటా నమ్ముతుంది, రెండూ ఒకే మనసులో ఉంటాయి. అట్లాంటి పిల్లలకు భగత్ సింగ్ థిండ్ కథ చెప్పండి. పంజాబ్ నుంచి పోయి అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. అప్పట్లో వలసవచ్చినవాళ్లలో తెల్లవాళ్లకూ ఆఫ్రికా సంతతికీ మాత్రమే పౌరసత్వం. తాను అగ్రకులం వాడు, ఆర్యుడు, కాబట్టి తెల్లవాడి కిందే లెక్క అని ఆయన వాదించాడు. 1923లో అక్కడి సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. కులం ఎక్కువని చెప్పుకున్నా ఆ దేశంలో రంగు గడి దాటలేకపోయాడు. మనవాళ్లు పెద్ద సంఖ్యలో అమెరికా పోవడానికి దారి తెరిచిన వలస చట్టం 1965లో వచ్చింది, నల్లవాళ్లు దెబ్బలు తిని, జైళ్లకు పోయి నడిపిన పౌరహక్కుల ఉద్యమం ఊపులోనే. ఆ అక్క ఉద్యోగం వెనక ఎవరి పోరాటం ఉందో పిల్లకు తెలియాలి.

పుస్తకాల గురించి అడిగారు. మీ పిల్లలకు మొత్తం నవల ఇంగ్లిష్‌లో చదవడం కష్టం. కథ తెలుగులో చెప్పి, ఒకటి రెండు ఘట్టాలు మాత్రం ఇంగ్లిష్‌లో చదివించండి. ఇంగ్లిష్‌లో మొదటి నుంచి చివరిదాకా చదివించాలంటే బెవర్లీ నాయిడూ రాసిన 'జర్నీ టు జోబర్గ్' తీసుకోండి, చిన్న పుస్తకం, తేలిక భాష. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష చట్టాలున్న కాలం. చంటి చెల్లెలికి జబ్బు చేస్తే, నలెడి, టీరో అనే అక్కాతమ్ముళ్లు ఎక్కడో దూరంగా జొహానెస్‌బర్గ్‌లో తెల్లవాళ్లింట్లో పనిచేసే అమ్మను వెతుక్కుంటూ బయల్దేరతారు. 1985లో వచ్చిన ఈ పుస్తకాన్ని ఆ దేశంలో 1991 దాకా నిషేధించారు. పిల్లల పుస్తకానికి ఒక ప్రభుత్వం ఎందుకు భయపడిందో అడగండి. మా కడప, రాయచోటి వైపు అమ్మ కువైట్‌లో ఇంటిపనికి పోయిన పిల్లలు ఎంతోమంది. ఈ కథ వాళ్లకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. అందుకే మీరు కూడా చెప్పకండి, 'మీ అమ్మ కూడా అట్లే కదా' అని ఎవర్నీ అనకండి.

వీటి పక్కన అంబేడ్కర్ చిన్నతనం ఉండాలి. 1901లో తొమ్మిదేళ్ల పిల్లవాడు కొత్తబట్టలు వేసుకుని అన్నతో, అక్క పిల్లలతో కలిసి నాన్నను చూడటానికి రైలెక్కడం, దిగిన స్టేషన్లో కులం తెలిసి స్టేషన్ మాస్టర్ దూరం జరగడం, రెట్టింపు కిరాయి ఇస్తామన్నా బండివాడు పక్కన కూర్చోక పిల్లలే బండి తోలుకోవడం, రాత్రంతా తాగడానికి నీళ్లు దొరక్కపోవడం. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఆయనే రాసుకున్నారు. నవల కాదు గానీ కథలాగే నడుస్తుంది. మిసిసిపీ బస్సు తర్వాత ఈ బండి చెప్పండి. రెండూ కలిపి ఏం వివరించనక్కర్లేదు.

ఒక్కటి మాత్రం మరవొద్దు. ఆ ఇద్దరు పిల్లలకు తమలాంటివాళ్లు దెబ్బలు తినే కథలే వినిపిస్తే అదీ అన్యాయమే. తెలివిగలవాళ్లుగా, అల్లరివాళ్లుగా, గెలిచేవాళ్లుగా ఉండే కథలు కావాలి. హైదరాబాద్‌లోని అన్వేషి పరిశోధన కేంద్రం తయారుచేసిన 'డిఫరెంట్ టేల్స్' పిల్లల పుస్తకాలు తెలుగులోనూ వచ్చాయి. గోగు శ్యామల, జూపాక సుభద్ర, కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే ఎం.ఎం. వినోదిని వంటివాళ్లు రాశారు. దొరికితే వదలకండి. మా వేంపల్లె షరీఫ్ 'జుమ్మా' కథల్లో దూదేకుల, ముస్లిం పిల్లల ఇళ్లు కనబడతాయి, కొన్ని మీరే ఎంచి చదవండి. ఇంగ్లిష్‌లో జెర్రీ క్రాఫ్ట్ బొమ్మల నవల 'న్యూ కిడ్' ఉంది, 2020లో న్యూబెరీ బహుమతి పొందింది. అందులో బొమ్మలు గీసే ఏడో తరగతి పిల్లవాడు జోర్డన్ పెద్ద ప్రైవేటు బడిలో చేరతాడు. అక్కడ ఒక టీచరు నల్లపిల్లల పేర్లు ఎప్పుడూ తప్పు పిలుస్తూ ఉంటుంది. నవ్విస్తూనే గుచ్చుతుంది. చదివాక మీ క్లాసులో ఎవర్ని ఊరి పేరుతో, ఎవర్ని తాండా పేరుతో పిలుస్తున్నారో మీకే వినబడుతుంది.

'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్'ను చాలామంది మొదట సూచిస్తారు. నేను ఏడో తరగతికి వద్దంటాను. అందులో అన్యాయం జరిగింది టామ్ రాబిన్సన్ అనే నల్లజాతి మనిషికి, గుర్తుండిపోయేది అతని తరఫున వాదించిన మంచి తెల్ల వకీలు. మన పిల్లలు ఆ వకీలు పక్కన కూర్చుని హాయిగా మంచివాళ్లయిపోతారు. అలెక్స్ హేలీ 'రూట్స్'కు సహవాసి తెలుగు చేసిన 'ఏడు తరాలు' గొప్ప పుస్తకమే గానీ ఆ హింస ఈ వయసుకు ఎక్కువ, పదో తరగతి దాటాక ఇవ్వండి.

తోటి టీచర్లు భయపెడుతున్నారన్నారు. పాఠ్యపుస్తకం తెరవగానే ఉండే రాజ్యాంగ పీఠిక చూపించండి. ఆ రాజ్యాంగంలోనే 15వ అధికరణం మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు, వీటిని బట్టి వివక్ష చూపకూడదని ఒకే వాక్యంలో చెబుతుంది. జాతి పాఠం చెప్పి కులం దగ్గర ఆగిపోవడానికి రాజ్యాంగమే చోటివ్వలేదు. ఈ రెంటినీ కలిపి చూడటం కొత్తదీ కాదు. జ్యోతిరావు ఫూలే 1873లోనే తన 'గులామ్‌గిరీ'ని అమెరికాలో బానిసల విముక్తికి పోరాడినవాళ్లకు అంకితమిచ్చారు. అంబేడ్కర్ 1946లో నల్లజాతి మేధావి డూబోయిస్‌కు ఉత్తరం రాశారు, ఆయన జవాబిచ్చారు. 1959లో కింగ్ కేరళ వచ్చినప్పుడు తిరువనంతపురంలో ఒక బడి ప్రిన్సిపాల్ దళిత పిల్లలకు ఆయన్ను అమెరికా నుంచి వచ్చిన సాటి అంటరానివాడిగా పరిచయం చేశారు. మొదట చివుక్కుమన్నా, ఆలోచిస్తే అది నిజమేననిపించిందని కింగే తర్వాత చెప్పుకున్నారు. ఏం చెప్పబోతున్నారో హెడ్మాస్టర్‌కు ముందే కాగితం మీద రాసి ఇవ్వండి, మీ పాఠ్యప్రణాళికలో ఉంచండి. నవలలో మేరీ టీచరును పాఠ్యపుస్తకంలో లేని బానిసత్వపు చరిత్ర చెప్పినందుకు ఉద్యోగం నుంచి తీసేస్తారు. మీరు అట్లా ఒంటరిగా మిగలొద్దు. చెప్పేదంతా రాజ్యాంగంలో ఉన్నదే కాబట్టి దాచుకునేదీ లేదు.

ఊరి పెద్దవాళ్ల నుంచి ఎవరైనా వచ్చి అడిగితే కాగితం చూపించండి, అంతకు మించి వాదన వద్దు. కాలనీ నుంచి ఒక తండ్రో తల్లో వచ్చి, 'మా పిల్లోల్లకు ఇవన్నీ ఎందుకు గుర్తు చేస్తారమ్మా, సదువుకోనీండి' అంటే మాత్రం కుర్చీ వేసి కూర్చోబెట్టి వినండి. ఆ మాటలో భయం ఉంది, అనుభవం ఉంది. వీలైతే ముందే మీరే ఆ ఇళ్లకు పోయి ఏం చెబుతున్నారో చెప్పి, ఏది వద్దంటారో అడగండి. వాళ్లు వద్దన్నది వదిలేయండి.

చివరగా సమయం. నవలలో నల్లపిల్లల బడి అక్టోబరు నుంచి మార్చి దాకానే నడుస్తుంది, మిగతా నెలలు వాళ్లు పత్తి చేలల్లో ఉండాలి. ఆదోని పత్తి యార్డు చూసి పెరిగే మీ పిల్లలకు ఇది చెప్పకుండానే తెలుస్తుంది. మీ బడిలోనూ దసరా దాటాక అమ్మానాన్నల వెంట సుగ్గికి, అంటే కూలిపనికి వలసగా, గుంటూరు వైపు పోయే పిల్లలుంటారు. కథ ఇప్పుడున్న వేగంతో చెబితే వాళ్లకు సగంలోనే ఆగిపోతుంది. వారానికి ఒక లైబ్రరీ పీరియడ్ చాలదు, ఇంగ్లిష్ పీరియడ్‌లో ఇంకొకటి కలుపుకుని సెలవులకు ముందే ముగించండి. ముగించలేకపోతే, పోయే పిల్లల్ని ముందు రోజు పిలిచి మిగతా కథ వాళ్లకు చెప్పి పంపండి.